డెబ్భై రెండును డెబ్భై చేసినవాడు

మెర్ల్ హెంకెల్ డిక్కీ మూతని ధడాలున దించినప్పుడు లైల్ కుడిచేతి వేళ్ళు నాలుగూ అంచు మీదే ఉన్నాయి. ముందు ఎండుపుల్లలు విరిచినట్టు చప్పుడైంది. అరుపు ఆ తర్వాత వచ్చింది.

"అయ్యయ్యో, జారిపోయిందిరా," అన్నాడు మెర్ల్. మూత మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. ఇంకాస్త బరువు వేసి నొక్కాడు. "ఏమన్నావు ఇందాక? ఎవరికో ఏదో చెప్పేస్తానన్నావు?"

"ఏం లేదు! ఎవరికీ చెప్పను! తియ్యి, దేవుడా, తియ్యి!"

మెర్ల్ మూత ఎత్తాడు. లైల్ మోకాళ్ళ మీద కూలబడి చేతిని పొట్టకి హత్తుకున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళుగా కార్లకి రంగు వేసి బతికినవాడు, ఆ చేత్తోనే వేశాడు. షెడ్డు అవతలి మూల గ్రైండర్ పట్టుకుని నిలబడ్డ ఆల్విన్ ప్రూయిట్ ఇదంతా చూశాడు. చూసి, గ్రైండర్ మళ్ళీ ఆన్ చేశాడు. ఆ రొదలో లైల్ ఏడుపు వినిపించదు, అందుకు.

మెర్ల్ లాంటి వాళ్ళు కొట్టేటప్పుడు కోపంగా ఉండరు. అదే వాళ్ళతో వచ్చిన చిక్కు. కోపమైతే చల్లారుతుంది. మెర్ల్ లైల్‌ని లేవదీసి, తన కోటే కప్పి, తన ట్రక్కులోనే ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. పోతూ పోతూ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆల్విన్, సాయంత్రానికి ఆ కారు ముక్కు బిగించెయ్. శుక్రవారం ముసలమ్మ వస్తోంది," అన్నాడు.

లైల్ చేసిన తప్పల్లా నోరు జారడమే. "ఇది పాపం మెర్ల్, చచ్చిపోయిన కొడుకు పేరు చెప్పి తల్లిని దోచుకోవడం. నేనే ఆవిడకి చెప్పేస్తాను," అన్నాడు. అంతే.

ఆ తల్లి పేరు ఒడెసా మెబెరీ. డెబ్భై ఒక్క ఏళ్ళావిడ. కొడుకు కార్నెల్ పందొమ్మిదేళ్ళప్పుడు కారు కొన్నాడు. డెబ్భై మోడల్, రెండు తలుపులది, ముదురాకుపచ్చ, బానెట్ కింద లారీకి పెట్టదగ్గ ఇంజను. ఎనిమిది నెలలు నడిపి యుద్ధానికి పోయాడు. వాడికి బదులు ఒక పెట్టె తిరిగొచ్చింది. వాకిట్లో ఆ కారుని చూడలేక ఆవిడ అమ్మేసింది, కాగితాలు కూడా పారేసింది. ఇరవై ఏడేళ్ళ తర్వాత, పోయేలోపు దాన్ని ఇంకోసారి చూడాలనిపించి, పాత ఫోటోలు నాలుగు పట్టుకుని, పాత కార్లు వెతికి అమ్మే మెర్ల్ షెడ్డుకొచ్చింది. రెండు వారాలు తిరగకుండానే మెర్ల్ ఆవిడకి ఫోన్ చేశాడు. దొరికిందమ్మా, ఇండియానాలో ఒక పశువుల కొట్టంలో, ఎవరూ ముట్టుకోలేదు, మీ అబ్బాయి వదిలినట్టే ఉంది అని. ఆవిడ ఫోన్‌లోనే భోరుమంది. ఆ మర్నాడే ఇల్లు తాకట్టు పెట్టడానికి బయల్దేరింది.

మెర్ల్‌కి దొరికింది డెబ్భై రెండు మోడల్. అది కూడా ఇండియానా కొట్టంలో కాదు, షెడ్డు వెనక తుక్కులో. రెండిటికీ బాడీ ఒకటే, మొహం వేరు. డెబ్భై రెండుకి ముందు పక్కకొక లైటు, డెబ్భైకి రెండేసి. డెబ్భై రెండుకి వెనక లైట్లు గుండ్రం, డెబ్భైకి పలకలు. వెనకనుంచి లారీ గుద్ది నుజ్జయిన డెబ్భై కారొకటి కొని, దాని ముందు భాగమంతా, మడ్‌గార్డులతో సహా, ఊడదీయించాడు. వెనక బంపరు ఎక్కడినుంచో తెప్పించాడు. ఏ ఏటి కారో చెప్పే నంబరు రేకు తనే గుద్దుకొచ్చాడు. మిగిలిందంతా ఆల్విన్ చేతుల పని.

కార్ల ఫ్యాక్టరీల ఊరు ఫ్లింట్ మొత్తం మీద అలాంటి చేతులు ఇంకో జత లేవు. ఆ సంగతి మెర్ల్‌కీ తెలుసు, ఆల్విన్‌కీ తెలుసు. జైలు గోడల మధ్య తొమ్మిదేళ్ళు ఉండొచ్చినా ఆ చేతులు పని మర్చిపోలేదు. మిగిలిన శిక్షకి షరతుల మీద బయట ఉన్నాడు. ప్రతి గురువారం అధికారి ముందు కూర్చోవాలి. ఉద్యోగంలో ఉన్నాడని మెర్ల్ సంతకం పెట్టిన కాగితం చూపించాలి. ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదు. ఇంకా పద్నాలుగు నెలలు. కాగితం లేకపోతే మళ్ళీ లోపలికే.

అందుకని కుక్కిన పేనులా పడున్నాడు.

మంగళవారం పొద్దున తలుపులు పట్టుకున్నాడు. మిషిగన్ చలికాలాల్లో రోడ్డు మీద చల్లే ఉప్పు తలుపు స్తంభాన్ని లోపల్నుంచి తినేసింది. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే రొట్టెలో దిగినట్టు దిగింది. కుళ్ళిన ఇనుమంతా కోసి పారేసి, కొత్త రేకు వంచి, వెల్డింగ్ పెట్టి, లోపల ఇనుప దిమ్మ ఆనించి పైనుంచి సుత్తితో కొట్టుకుంటూ వచ్చాడు. నిప్పురవ్వలు మెడలోకి దూరి కాలుస్తున్నా పట్టించుకోలేదు. సుత్తి చేతిలో ఉన్నంతసేపూ ఆల్విన్‌కి లైల్ వేళ్ళు గుర్తుకు రాలేదు. అదొక్కటే సుఖం.

స్తంభం కుదిరాక తలుపు ఎత్తి బందులకి తగిలించాడు. రంగు కలిపే పుల్ల ఒకటి తీసుకుని తలుపుకీ స్తంభానికీ మధ్య సందులో పెట్టి పైనుంచి కిందకి లాగాడు. పైన వదులు, కింద బిగువు. బోల్టు సళ్ళించి, భుజం ఆనించి, వెంట్రుకవాసి ఎత్తి, మళ్ళీ బిగించాడు. మళ్ళీ పుల్ల. మడ్‌గార్డు దగ్గర ఎక్కువొచ్చింది. మళ్ళీ సళ్ళించాడు. అలా ఒక్కో తలుపుకి మూడేసి గంటలు. ఆఖరికి పుల్ల నాలుగు వైపులా ఒకే తీరుగా జారింది, ఎక్కడా పట్టలేదు, ఎక్కడా ఆడలేదు. తలుపు వేస్తే టక్కుమని చిన్న చప్పుడు. ఆల్విన్ దాన్ని అయిదారుసార్లు వేసి తీసి, వేసి తీసి, తనలో తనే నవ్వుకున్నాడు.

"పెళ్ళామేంట్రా అది, అలా తడుముతున్నావు?" అన్నాడు వెనకనుంచి మెర్ల్. "రంగు సంగతి చూడు. లైల్ గాడు ఇంక పనికిరాడు. మూడు వేళ్ళు పోయాయట."

"మూడా?"

"నాలుగోది ఉంది. ముక్కులో పెట్టుకోడానికి." మెర్ల్ తన జోకుకి తనే పడీ పడీ నవ్వాడు.

బుధవారం మధ్యాహ్నం ఒడెసా మెబెరీ వచ్చింది. కారు చూపించనన్నాడు మెర్ల్. "శుక్రవారం దాకా ఓపిక పట్టమ్మా, దుమ్ము దులిపించి ఇస్తాను, ఇంకేం ముట్టుకోను, ఒట్టు," అన్నాడు. ఆఫీసు గది అద్దంలోంచి ఆల్విన్‌కి ఆవిడ కనిపించింది. చర్చికి వెళ్ళేటప్పటి టోపీ, పొట్టి మనిషి, ఒళ్ళో గుడ్డ కప్పిన పళ్ళెం. చిలగడదుంపల తీపి రొట్టె చేసుకొచ్చింది, పనివాళ్ళకని. "కష్టపడి వెతికారు కదా, నాయనా," అంటోంది. మెర్ల్ ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోనూ పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తడి వచ్చింది వాడి కళ్ళల్లో.

ఆవిడ బస్సెక్కాక మెర్ల్ పళ్ళేన్ని చెత్తబుట్టలో దులిపి, ఫోటో ఒకటి తెచ్చి కారు వెనక మడ్‌గార్డు మీద పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ సొట్ట. పోస్టుపెట్టె స్తంభానికి గుద్దాడట ఆవిడ ముద్దుల కొడుకు. కొట్టు."

ఆ రేకుని ఆల్విన్ పోయినవారమే రెండు రోజులు కూచుని నునుపు చేశాడు. సుత్తి తీసుకున్నాడు కానీ చెయ్యి లేవలేదు.

"మెర్ల్, ఇంత బాగా వచ్చింది. దీన్ని డెబ్భై రెండుని డెబ్భై చేసిన బండి అనే చెప్పి అమ్మినా కొనేవాళ్ళు క్యూ కడతారు. ఆ ముసలావిడకే ఎందుకు?"

మెర్ల్ రబ్బరు సుత్తితో అతని చెవి మీద కొట్టాడు. మామూలుగా, ఈగని కొట్టినట్టు. ఆల్విన్ తల కారు పైకప్పుకి కొట్టుకుంది. ఒక చెవిలో లోకమంతా ఆగిపోయి, సన్నగా గీ మంటూ మిగిలింది.

"ఎందుకంటే దీనికోసం ఇల్లు తాకట్టు పెట్టేది ఆవిడొక్కతే, మొద్దు వెధవా. కొట్టు."

ఆల్విన్ కొట్టాడు. "ఇంకా లోతు," అన్నాడు మెర్ల్. కొట్టాడు. "ఫోటో చూసి కొట్టరా, కళ్ళు దొబ్బాయా?" ఈసారి ఆల్విన్ ఒళ్ళు తెలియకుండా కొట్టాడు. తన పనినే తను చంపుకుంటున్నట్టు, పళ్ళు బిగించి, దెబ్బ మీద దెబ్బ. చెవిలోంచి కారిన రక్తం కాలరు తడిపింది. సొట్ట అచ్చం ఫోటోలోలాగే పడింది. రేకుని బాగుచెయ్యడానికి రెండు రోజులు పట్టింది, పాడుచెయ్యడానికి రెండు నిమిషాలు చాలలేదూ?

గురువారం అధికారి ముందు కూర్చున్నాడు.

"చెవికేమైంది?"

"బానెట్ తగిలింది."

"ఎవరితోనూ గొడవ లేదు కదా?"

"లేదు సార్."

అధికారి కాగితం మీద ముద్ర గుద్ది పంపేశాడు. తిరిగొచ్చి ఆల్విన్ కారుని ముసలిదాన్ని చేసే పనిలో పడ్డాడు. రాత్రి తనే వేసిన కొత్త ఆకుపచ్చ రంగుని తడి ఉప్పుకాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్దాడు. అంచుల్లో ఉప్పునీళ్ళు, వెనిగరు పూసి తుప్పు రప్పించాడు. నేల ఊడ్చిన దుమ్ము నూనెలో కలిపి ఇంజను మీద కొట్టాడు. రబ్బరు పట్టీలు తుక్కు కారులోంచి పాతవే తీసి, శుభ్రంగా, ఎక్కడా జిగురు బయటపడకుండా అంటించాడు. సాయంత్రానికి కారు మీంచి ఇరవై ఏడేళ్ళు దాటిపోయాయి. మెర్ల్ చుట్టూ తిరిగి చూసి ఈల వేశాడు. "నువ్వు రాక్షసుడివిరా," అన్నాడు. మెర్ల్ ఒకణ్ణి మెచ్చుకోవడం ఆల్విన్ అదే మొదటిసారి వినడం. సిగ్గు లేని మనసు, ఒక్క క్షణం పొంగింది కూడా.

శుక్రవారం పదకొండింటికి ఒడెసా మెబెరీ అదే టోపీతో వచ్చింది. చంకలో డబ్బున్న చేతిసంచి గట్టిగా పట్టుకుంది. ఆల్విన్ మూల బల్ల దగ్గర పనిముట్లు తుడుస్తున్నట్టు నిలబడ్డాడు.

ఆవిడ ముందు నాలుగు లైట్ల వంక చూసింది. వెనక్కి వెళ్ళింది. సొట్ట దగ్గర ఆగి, వంగి, దాంట్లో అరచెయ్యి పెట్టింది. భుజాలు కదిలిపోయాయి. "కార్నెల్," అంది. "ఒరేయ్ కార్నెల్, ఎన్నిసార్లు చెప్పానురా చూసుకుని తిప్పమని." మెర్ల్ టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు. ఆల్విన్ తల దించుకున్నాడు. భూమి చీలితే దూరిపోదామనిపించింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుని డ్రైవరు వైపు తలుపు తీసింది. వేసింది. టక్.

మళ్ళీ తీసింది. మళ్ళీ వేసింది. ఏడుపు ఆగిపోయింది. బొటనవేలు తలుపు పైమూల సందు మీద ఆనించి మెల్లగా కింది దాకా లాగింది. అవతలి తలుపు దగ్గరకెళ్ళి అక్కడా లాగింది. తొందరేమీ లేదు.

"ఈ తలుపులు ఎవరు బిగించారు, నాయనా?"

"ఫ్యాక్టరీలోనే అమ్మా," అన్నాడు మెర్ల్ తేనె పోస్తూ. "ఆ రోజునుంచి ఈ రోజుదాకా పిట్ట కూడా ముట్టుకోలేదు."

ఫ్లింట్‌లో ఆ వయసు మగాడు ఎదురైతే ఎవరైనా ముందు అడిగేది, ఏ ఫ్యాక్టరీలో చేశావు, ఏ లైను అని. ఆడమనిషిని మాత్రం పిల్లలెందరు అని అడుగుతారు. మొదటిరోజు మెర్ల్ కూడా ఆవిడని అదే అడిగాడు.

"నేను ఇరవై రెండేళ్ళు తలుపుల లైన్లో చేశాను," అంది ఒడెసా మెబెరీ. "రబ్బరు అంటించేదాన్ని. నా ముందు బక్ స్టోవాల్ అని ఒకాయన తలుపులు తగిలించేవాడు. నిమిషానికొక కారు వచ్చేది మీదికి. తలుపు పడకపోతే చెక్క దూలం అడ్డం పెట్టి మోకాలితో ఒక్క తన్ను తన్నేవాడు. పడితే పడినట్టు, లేకపోతే నేను రబ్బరు కూరి, జిగురు దట్టంగా పులిమేదాన్ని. నా కొడుకు కారు ఆ లైన్లోంచే వచ్చింది. దాని రబ్బరు నేనే అంటించాను. పైమూల నా బొటనవేలు దూరేది. వాన పడితే మోకాలు తడుస్తోందే అమ్మా, ఇదేనా నీ పనితనం అని వాడు ఎనిమిది నెలలు నన్ను ఏడిపించాడు."

మెర్ల్ గొంతు సవరించుకున్నాడు. "మధ్యలో ఎవరైనా తలుపులు మార్చి ఉంటారమ్మా..."

"పిట్ట కూడా ముట్టుకోలేదన్నావు, ఇప్పుడే." ఆవిడ గొంతు పెంచలేదు. "ఇరవై రెండేళ్ళలో మా లైన్లో ఒక్క తలుపు కూడా ఇంత ముద్దుగా పడలేదు. ఇది నా కొడుకు కారు కాదు. నువ్వు మనిషివీ కాదు."

సంచి మూత బిగించుకుని గుమ్మం వైపు నడిచింది. సగం దూరం వెళ్ళి, ఏమనుకుందో, మళ్ళీ తిరిగి ఆల్విన్ దగ్గరకొచ్చింది. గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ రంగున్న అతని చెయ్యి పట్టుకుంది. చెవి కట్టు చూసింది.

"నువ్వేనా బిగించింది?"

ఆల్విన్ తలూపాడు.

"నోటితో చెప్పలేక చేత్తో చెప్పావు," అంది మెల్లగా. "నా ఇల్లు నిలబెట్టావు, బాబూ. నీ మేలు మర్చిపోను."

కాదమ్మా అనాలి. అనలేదు. ఆవిడ చెప్పినంత ధైర్యం ఆల్విన్‌కి ఎక్కడ ఏడిచింది? తలుపు వంకరగా ఉంటే అతని చెయ్యి ఊరుకోదు, అంతే. ఆ మంగళవారం ఆరు గంటల్లో ఒక్క నిమిషమైనా ఆ ముసలమ్మ తలపుకొస్తేగా!

బస్సు కదిలిన చప్పుడయ్యాక మెర్ల్ షట్టరు దించాడు. తాళం వేశాడు. గోడకి ఆనించిన పొడుగాటి ఇనుప కడ్డీ తీసుకున్నాడు. ముందు కారు మీద పడ్డాడు. నాలుగు లైట్లూ వరసగా పగిలాయి. ముందు అద్దం తెల్లగా పూసి కూలింది. బానెట్ మీద, మడ్‌గార్డు మీద, ఆ తలుపుల మీద, చేతులు నొప్పెట్టేదాకా కొట్టాడు. మూడు వారాల పని మూడు నిమిషాల్లో తుక్కయింది. తర్వాత రొప్పుతూ ఆల్విన్ వైపు తిరిగాడు.

"చేత్తో చెప్పావా?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఒక్కటి అడుగుతాను, చెప్పు. కావాలని చేశావా? అలవాటుకొద్దీ చేశావా?"

ఆల్విన్ చేతిలో సుత్తి ఉంది. ఎప్పుడు తీసుకున్నాడో అతనికే తెలియదు. వెనకటికి ఇలాంటి సుత్తితోనే ఒకడి దవడ మూడు ముక్కలు చేశాడు. ఆ బరువు ఎలా తిరుగుతుందో, ఎక్కడ దిగుతుందో చెయ్యికి తెలుసు. మెర్ల్ కణత రెండడుగుల దూరంలో ఉంది.

"అలవాటైతే చెప్పు, పోనీలే అంటాను," అన్నాడు మెర్ల్. కడ్డీ చివర నేలకి ఆనించాడు. "నీ సంగతి నాకు తెలీదా? ఇనుము కనబడితే నీకు ఒళ్ళు తెలీదు. అలవాటేనని చెప్పు. గురువారం నీ కాగితం నీకుంటుంది. లాన్సింగ్‌లో ఇంకొకడున్నాడు, చచ్చిన తమ్ముడి బండి కావాలట, అరవై తొమ్మిది. ఈసారి కాస్త వంకరగా బిగిద్దువుగాని."

అది నిజమే. నిజం చెబితే చాలు. అలవాటేనంటే పద్నాలుగు నెలలు గడిచిపోతాయి. నెలకో చచ్చినవాడి బండి చేసుకుంటూ, ఏడ్చేవాళ్ళని అద్దంలోంచి చూసుకుంటూ గడిచిపోతాయి. ఆవిడ పట్టుకున్న చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది. ఆ చెయ్యి ఎవరిదనుకుని పట్టుకుంది ఆ తల్లి? అలాంటివాడు ఈ షెడ్డులో ఒకడుంటే బాగుండునని ఆల్విన్‌కి ఏడుపొచ్చింది.

సుత్తిని బల్ల మీద పెట్టాడు. దూరంగా, చెయ్యి అందనంత దూరంగా తోశాడు.

"కావాలనే చేశాను," అన్నాడు.

కడ్డీ భుజం మీద దిగింది. మెడ పక్క ఎముక విరిగిన చప్పుడు మంచి చెవిలోనే వినిపించింది. ఒక మోకాలి మీద కూలాడు. రెండో దెబ్బ పక్కటెముకలకి తగిలింది, ఊపిరంతా ఒక్కసారి బయటికి పోయింది. గాజుపెంకుల మధ్య అరచేతులు ఆనించి, మళ్ళీ ఊపిరి అందేదాకా ఆగాడు. బల్ల వైపు చూడలేదు.

మెర్ల్ మొహంలో మొదటిసారి కోపం కనిపించింది. "ఆ చేతులతో ఇంక ఎక్కడ బతుకుతావురా? జైల్లో ఖైదీలతో కార్ల నంబరు పలకలు గుద్దుకుంటూ చస్తావు! తెలుసా?"

"తెలుసు."

"అబద్ధం! నీకంత దమ్మెక్కడిది? అలవాటు కొద్దీ చేశావు. చెప్పు!"

ఆల్విన్ కారు పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి చచ్చినట్టు వేలాడుతోంది. నోట్లో రక్తం ఉమ్మేశాడు.

"ఆవిడకి తెలియాలనే బిగించాను," అన్నాడు. "లాన్సింగ్ వాడికి చెయ్యమన్నా అలాగే బిగిస్తాను. నువ్వు ఎవరికి చెయ్యమన్నా అలాగే బిగిస్తాను."

మెర్ల్ కడ్డీని రెండు చేతులతో ఎత్తాడు. "ఇంకోసారి అను."

ఆల్విన్ ఇంకోసారి అన్నాడు. ఈసారి అందులో అబద్ధం లేదు.